బూట్‌లోడర్ అన్‌లాక్ అయ్యే ఫోన్ ఏది తీసుకోమంటారు?

పాత ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి, పోనీ లినేజ్ ఓఎస్ (కంపెనీ ఇచ్చినదాని బదులు వేసుకునే ఉచిత ఆండ్రాయిడ్) వేద్దామని కూర్చుంటే డెవలపర్ ఆప్షన్స్‌లో బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) తాళం తీయడానికి అనుమతిచ్చే ఓఈఎం అన్‌లాకింగ్ బటన్ బూడిద రంగులో ఉంది, ఎన్నిసార్లు నొక్కినా కదలదు. కంపెనీ వాళ్లు అసలు తాళం తీయనివ్వరట. కొనేటప్పుడు చూసుకోకపోవడం నాదే తప్పు.

ఈసారి అడిగే కొంటాను. గూగుల్ పిక్సెల్ అయితే గ్రాఫీన్ ఓఎస్ (భద్రతకు పెద్దపీట వేసే మరో ఆండ్రాయిడ్) వేశాక బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేసుకోవచ్చు, అది నాకు బాగా నచ్చింది. కానీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే, అది ఏదైనా నెట్‌వర్క్ కంపెనీ అమ్మిన మోడల్ అయితే అన్‌లాక్ కాకపోవచ్చు కదా, డబ్బు ఇచ్చే ముందే ఆ బటన్ ఆన్ చేసి చూస్తే సరిపోతుందా, ఇంకేమైనా చూడాలా? ఫెయిర్‌ఫోన్ వాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ముఖ్యంగా ఇలా వేరే ఓఎస్ వేసుకున్నాక బ్యాంక్ యాప్‌లు తెరుచుకుంటున్నాయా? గేమ్స్ ఆడను, కెమెరా ఓ మోస్తరుగా ఉన్నా చాలు.