త్వరగా విచ్ఛిన్నమయ్యే ఏసీ గ్యాసే మేలైనదా?

కాజీపేట విద్యార్థి (ఎంఎస్సీ రసాయనశాస్త్రం)

కార్ల ఏసీలలో చల్లదనానికి వాడే 134ఏ అనే గ్యాసు స్థానంలో 1234వైఎఫ్ అనే గ్యాసు వెంటనే రావాలని నా వాదన. గాలిలో ఈ రెండింటినీ ప్రధానంగా తొలగించేది హైడ్రాక్సిల్ రాడికలే (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువులున్న, చురుగ్గా చర్య జరిపే కణం). 298 కెల్విన్ల (25 డిగ్రీల సెల్సియస్) దగ్గర దానితో 134ఏ చర్యకు రేటు స్థిరాంకం, అంటే చర్య వేగాన్ని తెలిపే సంఖ్య, సుమారు 4.6 × 10⁻¹⁵, 1234వైఎఫ్‌కు సుమారు 1.1 × 10⁻¹² (అణువుకు, సెకనుకు ఘన సెంటీమీటర్లలో). ఘన సెంటీమీటరు గాలిలో పది లక్షల రాడికళ్లున్నాయని లెక్క వేస్తే మొదటిది ఏడేళ్లు, రెండోది పది పదకొండు రోజులు నిలుస్తాయి. ఇంత తేడా కనిపిస్తుంటే ఇంకా సందేహం దేనికి?

హనుమకొండ అధ్యాపకుడు

బాబూ, ముందుగా ఆ ఏడేళ్ల లెక్క సరిచూద్దాం. 134ఏ ఆయుష్షు సుమారు 14 ఏళ్లని అందరూ అంగీకరించిన విలువ. నీకు సగమే రావడానికి ముఖ్య కారణం ఉష్ణోగ్రత. ఫ్లోరిన్ల ప్రభావం వల్ల అందులో మిగిలిన రెండు హైడ్రోజన్లను రాడికల్ సులువుగా లాక్కోలేదు, ఆ చర్య మొదలవ్వడానికి కొంత శక్తి (ఉత్తేజన శక్తి) కావాలి. నేలను ఆనుకున్న గాలి పొర అయిన ట్రోపో ఆవరణం మన ప్రయోగశాల కంటే చల్లన కాబట్టి సగటుగా 272 కెల్విన్లు తీసుకుంటే రేటు స్థిరాంకం సుమారు 2.7 × 10⁻¹⁵కు పడిపోతుంది, ఆయుష్షు 12 ఏళ్ల దగ్గరికి వస్తుంది. 1234వైఎఫ్‌లో మాత్రం రాడికల్ రెండు కార్బన్ల మధ్య ఉన్న ద్విబంధానికి (జంట బంధానికి) నేరుగా అతుక్కుంటుంది కనుక దాని రేటు మీద ఉష్ణోగ్రత ప్రభావం చాలా తక్కువ. ఇంతవరకు లెక్క నీ వాదనకే బలం ఇస్తోంది.

అయితే రేటు స్థిరాంకం చెప్పేది అసలు అణువు ఎంత త్వరగా పోతుందో మాత్రమే. అది పోయి ఏమవుతుందో చెప్పదు. 1234వైఎఫ్ దాదాపు పూర్తిగా ట్రైఫ్లోరో ఎసిటైల్ ఫ్లోరైడుగా మారి, మేఘాలలోని నీటితో కలిసి ట్రైఫ్లోరో ఎసిటిక్ ఆమ్లమై వానతో నేలకు దిగుతుంది. 134ఏ నుంచి ఆ ఆమ్లం వచ్చేది 7 నుంచి 20 శాతమే. అది నీటిలో విచ్ఛిన్నం కాదు, లవణంగా ఉండిపోతుంది గనుక ఆవిరై పోదు.

నయీంనగర్ కారు ఏసీ మెకానిక్

సార్, మా షాపుల్లో జరిగేది కూడా లెక్కలోకి తీసుకోవాలి. పైపు విప్పగానే పాత గ్యాసు బుస్సుమని గాలిలోకి పోతుంది, చేతికి చల్లగా తగులుతుంది, దాన్ని తిరిగి పట్టే యంత్రం చాలామంది దగ్గర ఉండదు. ఒక కారులో దాదాపు అర కిలో ఉంటుంది.

కాజీపేట విద్యార్థి

ఆ అర కిలో 134ఏ, వేడిని పట్టి ఉంచడంలో సుమారు 700 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానం, కాబట్టి ఆయన మాట నా వాదననే నిలబెడుతోంది. ఆమ్లం సంగతికొస్తే, వానలో అది అతి స్వల్పం, మన చెరువులు మత్తడి దుంకినప్పుడు కొట్టుకుపోతుంది కదా సార్?

హనుమకొండ అధ్యాపకుడు

134ఏ కొనసాగాలని నేను అనడం లేదు. కానీ మత్తడి ఏటా దుంకదు. వానలు తక్కువైన ఏడాది చెరువు ఎండుతూ పోతే నీరు మాత్రమే ఆవిరవుతుంది, లవణం చిక్కబడుతుంది. ఆ నీరే ఆయకట్టుకు పారుతుంది. మొక్కలు దాన్ని నీటితో పాటు పీల్చుకుని ఆకుల్లో నిలుపుకుంటాయి. ఈనాటి మోతాదు తక్కువే, ఒప్పుకుంటాను. తరగనిదాన్ని ఏటా కలుపుతూ పోవడమే నాకు అభ్యంతరం.

ఏసీలలో వాడదగిన మరో గ్యాసు ప్రొపేన్ ఉంది. 298 కెల్విన్ల దగ్గర అదే రాడికల్‌తో దాని రేటు స్థిరాంకం కూడా సుమారు 1.1 × 10⁻¹² అని గమనించు. అంతే వేగంగా పోతుంది, ఫ్లోరిన్ లేదు, చివరికి మిగిలేది కార్బన్ డయాక్సైడూ నీరూ. ఇళ్లలోని ఫ్రిజ్‌లలో దాని సోదర వాయువు ఐసోబ్యూటేన్ ఇప్పటికే నడుస్తోంది.

నయీంనగర్ కారు ఏసీ మెకానిక్

ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే సార్. ప్రొపేన్ గాలిలో 2 శాతం దాటితే నిప్పురవ్వ తగిలినా అంటుకుంటుంది, మాది షట్టరు దించితే కిటికీ లేని గది. కారు కింద పనిచేసే గుంతలో గ్యాసు నిల్వ ఉండకుండా గాలాడే ఏర్పాటు, లీకు పసిగట్టే పరికరం ఉంటే నేను ఆ గ్యాసుతో పని చేయడానికి సిద్ధం. అవి లేకుండా మా కుర్రాళ్లను దాని దగ్గరికి పంపను.