డాన్స్ క్లాసు మెట్లెక్కలేదు, డాన్స్‌లో పీజీకి అప్లై చేయొచ్చా?

ప్రశ్న (గాజువాక నుంచి)

నమస్తే అండి. బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. డాన్స్ అంటే ప్రాణం, కానీ ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. నాన్నగారిది షిఫ్ట్ డ్యూటీ, అమ్మకి తమ్ముడితోనే సరిపోయేది, క్లాసుకి తీసుకెళ్ళి తీసుకొచ్చేవాళ్ళు లేరు. ఫోన్‌లో చూసి నేర్చుకున్నవే స్కూల్ యానివర్సరీల్లో, కాలేజీ ఫెస్టుల్లో చేశాను. పోయినేడు మా కాలేజీ జట్టుతో ధింసా (అరకు గిరిజనుల బృంద నృత్యం) కూడా చేశాను. డిగ్రీ అవగానే కూచిపూడిలో ఎంపీఏ (మాస్టర్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) చేయాలని ఉంది. అమ్మేమో "ఐదేళ్ళప్పుడు మొదలుపెట్టాల్సింది ఇరవయ్యేళ్ళకా?" అంటోంది. అప్లికేషన్‌లో గురువు పేరు, ఎన్నేళ్ళ శిక్షణ అని అడిగితే ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఎంవీపీ కాలనీ, కూచిపూడి నేర్పుతాను)

అమ్మా, నేను మొదటి అడవు, అంటే నాట్యంలో మొదట నేర్పే అడుగుల వరస, వేసింది పంతొమ్మిదో ఏట. కాబట్టి వయసు గురించి దిగులు వద్దు. కానీ ఎంపీఏ గురించి ఉన్నమాట చెప్పాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్‌లో కూచిపూడికీ భరతనాట్యానికీ రెండేళ్ళ ఎంపీఏ ఉంది. అక్కడికి వచ్చే పిల్లలు పదేళ్ళు నేర్చుకుని వస్తారు. వాళ్ళ పక్కన నిలబడి ప్రాక్టికల్ చేయాలి. వచ్చే ఏడాదే అక్కడ అప్లై చేస్తే డబ్బు, ధైర్యం రెండూ పోతాయి. నీకు కావలసింది మొదటి అడవు నుంచి నేర్పే కోర్సు.

అలాంటిది మనకి దగ్గర్లోనే ఉంది. విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్. నాలుగేళ్ళ సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ళ డిప్లొమా. వైజాగ్ నుంచి సుమారు అరవై కిలోమీటర్లు, రైళ్ళూ బస్సులూ బోలెడు. క్లాసు వేళలు నీ డిగ్రీ కాలేజీతో కుదురుతాయో లేదో ఒకసారి స్వయంగా వెళ్ళి ఆఫీసులో కనుక్కో, ఫోన్‌లో తేలదు.

ఇల్లు వదిలి వెళ్ళగలిగితే చెన్నైలో కళాక్షేత్ర ఉంది. రుక్మిణీదేవి అరుండేల్ 1936లో స్థాపించారు. నాలుగేళ్ళ ఫుల్‌టైమ్ డిప్లొమా, కానీ అది భరతనాట్యం. ముందే నేర్చుకున్నవాళ్ళు కూడా అక్కడ అడవుల దగ్గర నుంచే మొదలుపెడతారు. వయోపరిమితి ఉంటుంది, ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకునే ఆశ పెట్టుకో.

ఇక అప్లికేషన్‌లో గురువు పేరు, శిక్షణ అడిగే గడి గురించి. ఉన్నదే రాయి: "గురుముఖంగా శిక్షణ లేదు, స్వయంగా సాధన, ఫలానా ప్రదర్శనలు." నేనొకచోట ఇంటర్వ్యూలో మూడేళ్ళు నేర్చుకున్నానని చెప్పాను. "అయితే ఏదైనా అడవు మూడు కాలాల్లో వేయమ్మా" అన్నారు, అంటే మూడు వేగాల్లో. రెండో కాలానికే కాళ్ళు ఒకదారి, తాళం ఒకదారి. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను. రాదని ముందే చెప్పి ఉంటే, పట్టు దొరుకుతుందో లేదో చూసేవాళ్ళు కదా అని ఇప్పటికీ అనుకుంటాను.

మళ్ళీ గాజువాక నుంచి

చాలా థ్యాంక్స్ మేడమ్. ఇంట్లో ఇప్పటి నుంచే ఏం సాధన చేయాలి? అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి తెరిచి సగం కూర్చునే భంగిమలో, ఉంటే మోకాళ్ళు నొప్పి పుడుతున్నాయి.

జవాబు (ఎంవీపీ కాలనీ)

నొప్పి పుడుతోందంటే మోకాళ్ళు ముందుకు వాలుతున్నాయేమో. అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకో. మోకాలు కాలివేళ్ళు చూసే వైపే తెరుచుకోవాలి, వెన్ను నిటారుగా ఉండాలి. తొడలు ఎంత తెరుచుకుంటే అంతే కూర్చో, ఫోన్‌లో కనిపించినంత లోతుకి దిగాలని పంతం వద్దు. టైల్స్ మీద, గ్రానైట్ మీద పాదం బలంగా కొట్టొద్దు. ముంగాలు సలుపుతుంటే ఆ రోజుకి ఆపేయాలి. వారం దాటినా నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కి చూపించు.

కాళ్ళకంటే ముందు తాళం పట్టుకో. తకిట మూడు, తకధిమి నాలుగు, తకతకిట అయిదు, తకిట తకధిమి ఏడు, తకధిమి తకతకిట తొమ్మిది. చేత్తో తాళం వేస్తూ నోటితో చెప్పాలి. తాళం వేగం మార్చకుండా మాట రెట్టింపు చెయ్యి, తర్వాత దానికీ రెట్టింపు. అవే మూడు కాలాలు. బస్సులో కూర్చుని కూడా చేయొచ్చు. అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలోని ఇరవై ఎనిమిది అసంయుత హస్తాలూ (ఒక్క చేత్తో పట్టే ముద్రలు) రోజుకి రెండేసి నేర్చుకో, పక్షం రోజుల్లో అయిపోతాయి. అడవులు మాత్రం ఫోన్‌లో చూసి వేయొద్దు. తప్పుగా కుదిరిన కాలుని సరిచేయడం నాలాంటివాళ్ళకి కొత్తగా నేర్పడం కంటే కష్టం. వారానికి రెండు రోజులైనా దగ్గర్లో ఒక గురువు దగ్గరికి వెళ్ళు.

ఫెస్టుల్లో చేసినవి తక్కువ అనుకోకు. స్టేజీ భయం పోవడానికి నా విద్యార్థులకి ఏళ్ళు పడుతోంది. ధింసాలో పక్కవాళ్ళ అడుగుతో అడుగు కలిపావు చూడు, ఆ చెవి చాలా విలువైనది. అదీ రాయి.

మరొకరు (పెందుర్తి)

మేడమ్, నేను అబ్బాయిని, ఇరవై రెండేళ్ళు. నాకూ నేర్చుకోవాలని ఉంది. నవ్వుతారేమో అని అడగలేదు.

జవాబు (ఎంవీపీ కాలనీ)

నవ్వడమా! కూచిపూడి తరతరాలుగా మగవాళ్ళ భాగవతమే నాయనా. సత్యభామ వేషం అంటే వేదాంతం సత్యనారాయణ శర్మగారే అని చెప్పుకుంటారు. పైన చెప్పిన చోట్ల నువ్వూ నిరభ్యంతరంగా కనుక్కో.

గాజువాక నుంచి

శనివారం అమ్మని తీసుకుని విజయనగరం వెళ్తున్నాం. చివరిగా ఒకటి, అడ్మిషన్ ఇంటర్వ్యూ ఉంటే గజ్జెలు కట్టుకుని వెళ్ళాలా?

జవాబు (ఎంవీపీ కాలనీ)

వద్దమ్మా. గజ్జెలు కట్టేది గురువు చేతుల మీదుగా గజ్జె పూజ (మొదటిసారి గజ్జెలు కట్టే వేడుక) అయ్యాకే. కాటన్ చుడీదార్, చున్నీ నడుముకి బిగించి కట్టుకో, జడ వేసుకో. టెన్త్, ఇంటర్ మార్కుల జాబితాలు, ఆధార్, ఫోటోలు జిరాక్స్‌లతో సహా రెండు సెట్లు పట్టుకెళ్ళు. అమ్మగారిని కాసేపు క్లాసు బయట కూర్చోబెట్టు, లోపల వేసే తాళం ఆవిడా వింటారు.