అమ్మ దాచిన శుభలేఖలతో బొమ్మ అతికిస్తున్నాను, కాగితం ఉబ్బుతోంది

ప్రశ్న: బైరాగిపట్టెడ, తిరుపతి

అందరికీ నమస్కారం. నాకు 58 ఏళ్ళు. గీయడం రాదు కానీ కాగితాలు కత్తిరించి అతికించడం చిన్నప్పటి నుంచీ ఇష్టం. పోయిన సంక్రాంతికి ముందు మా అమ్మ పోయింది. చంద్రగిరిలో ఆమె ట్రంకుపెట్టె తీస్తే చీరల కింద నాలుగు కట్టల శుభలేఖలు. 1971లో మా పెద్ద మేనమామ పెళ్ళిది మొదలుకుని మొన్నమొన్నటి వాటి దాకా ఒక్కటీ పారేయలేదు.

వాటితోనే మా చంద్రగిరి ఇల్లు చేస్తున్నాను. ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్ళు పడగొట్టి మేడ కట్టుకున్నారు. ఎర్ర కార్డులన్నీ పెంకులయ్యాయి. గోడకి తెల్ల కార్డుల వెనకవైపు వాడాను. గడప దగ్గర చాలాసేపు ఆగిపోయాను. శుభలేఖకి నాలుగు మూలలా పసుపు పెడతారు కదా, చివరికి ఆ మూలల్నే చిన్నచిన్న త్రికోణాలుగా కత్తిరించి వరసగా పేర్చాను. అమ్మ ప్రతి శుక్రవారం గడప కడిగి పసుపు రాసేది. కొన్ని మూలల్లో పసుపు అద్దిన వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఏ ఇంటి ఆడబిడ్డ వేలో ఏమో, యాభై ఏళ్ళయినా చెరగలేదు.

ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే, పాత శుభలేఖలు పలచన. ఫెవికాల్ రాయగానే పొంగి ముడతలు పడుతున్నాయి. అట్ట కూడా పొద్దునకి విల్లులాగా వంగిపోతోంది. పైగా మా చెల్లెలు, దేవుడి బొమ్మ ఉన్నవాటికి కత్తెర పెట్టకూడదు అంటోంది. ఆ మాట విన్నప్పటి నుంచి చెయ్యి ఆడటం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: చిత్తూరు, పుస్తకాల బైండింగ్

అక్కా, తప్పు మీ చేతిది కాదు, తడిది. కాగితం తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మీరు జిగురు రాసిన వెంటనే అంటిస్తున్నారు, అందుకే అది అట్ట మీదకి వెళ్ళాక సాగి పొంగుతోంది. రాశాక రెండు నిమిషాలు ఆగండి. సాగాల్సినంత సాగనిచ్చి అప్పుడు వేయండి. మధ్యలో నుంచి అంచులకి మెత్తటి గుడ్డతో నిమరండి.

కాగితానికి వాటం ఉంటుంది, అంటే లోపలి పీచు ఎక్కువగా ఒకే దిక్కున పరుచుకుని ఉంటుంది. న్యూస్‌పేపర్ నిలువుగా చింపి చూడండి, తిన్నగా వస్తుంది. అడ్డంగా చింపితే వంకరటింకర. తడిసినప్పుడు ఆ వాటానికి అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. అట్ట వాటం, పెద్ద ముక్కల వాటం ఒకే వైపు ఉండేలా పెట్టుకుంటే సగం బాధ తీరుతుంది. మిగతా సగానికి మందు, అట్ట వెనక కూడా ఒక కాగితం అంటించడం. రెండు వైపులా లాగుడు సమానమై అట్ట వంగదు. తర్వాత ప్లాస్టిక్ కవరు పరిచి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి.

పలచటి వాటికి ఫెవికాల్ కన్నా మైదా జిగురే మేలని నా మాట. గ్లాసు మైదాకి ఐదు గ్లాసుల చన్నీళ్ళు, ఉండ కట్టకుండా కలిపి సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే తెల్లదనం పోయి గాజులాగా అవుతుంది. అప్పుడు దించండి, చల్లారాకే వాడండి. తప్పుగా అంటితే తడి చేసి ఊడదీయొచ్చు, ఫెవికాల్‌తో అది కుదరదు. మా నాన్న పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవాడు. అది విషం, ఇంట్లో పిల్లలుంటే వద్దు. అద్దం ఫ్రేమ్ వేసి వెనక టేపుతో మూసేస్తే చాలు.

జవాబు: శ్రీకాళహస్తి, కలంకారీ

అక్కా, గడప గురించి చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. ఒక్క జాగ్రత్త. పసుపు వెలుగుకి నిలవదు, వెలిసిపోతుంది. మీవి ఇన్నాళ్ళు అలా ఉన్నాయంటే పెట్టెలో చీకట్లో ఉండబట్టే. ఎండ పడే గోడకి మాత్రం తగిలించకండి. కొత్తగా సున్నం వేసిన గోడ కూడా వద్దు, సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పారాణి చేసినట్టే.

తడికి కూడా పసుపు పక్కకి పాకుతుంది. మేం బట్టని ముందు కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టేది రంగు పాకకూడదనే. మీరు ఆ త్రికోణాలకి మాత్రం బాగా చిక్కటి జిగురుని, వెనకవైపే, పలచటి పూతగా రాయండి. పైన ఏమీ పూయకండి.

జవాబు: తిరుపతి, రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు

అమ్మా, దేవుడి బొమ్మలు ముందే జాగ్రత్తగా వేరు చేసి ఒక కవరులో పెట్టుకోండి. కత్తెర బొమ్మ చుట్టూ వెళ్తుంది, బొమ్మ మీద కాదు. మీ చెల్లెలి మాటా నిలబడుతుంది. కత్తిరించే ముందు ప్రతి శుభలేఖనీ రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీయండి, పేర్లు, తేదీలు పోవు.

గీయడం రాదన్నారు. ఇంగ్లండులో 18వ శతాబ్దంలో మేరీ డెలానీ అనే ఆవిడ 70 దాటాక మొదలుపెట్టి, నల్ల కాగితం మీద రంగు కాగితం ముక్కలతో దాదాపు 1,000 పూల బొమ్మలు చేశారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన శాంతినికేతన్‌లో బొమ్మలు నేర్పిన బినోద్ బిహారీ ముఖర్జీ చూపు పూర్తిగా పోయాక కూడా కాగితాలు కత్తిరించి బొమ్మలు చేశారు. ఆ బొమ్మలు చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

తమ్ముడూ, వెనక కాగితం వేసి రాత్రంతా బరువు పెట్టాను. పొద్దున తీస్తే అట్ట పలకలాగా ఉంది! శ్రీకాళహస్తి చెల్లెమ్మా, ఎండ తగలని పడమటి గది గోడ చూసుకున్నాను. మా చెల్లెలు వచ్చి కూర్చుని వెంకటేశ్వరస్వామి బొమ్మలన్నీ తనే వేరు చేసింది, 112 వచ్చాయి. సార్, ఇంకొక్కటి. మా ఇంటి ముందు చింతచెట్టు ఉండేది. ఇన్ని శుభలేఖల్లో పచ్చరంగు కార్డు ఒక్కటీ లేదు.

జవాబు: డ్రాయింగ్ మాస్టారు

పచ్చ మీరే చేసుకోండి. ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ 1941లో ఆపరేషన్ అయి లేవలేని స్థితికి వచ్చాక, సహాయకులతో తెల్లకాగితాలకి రంగు వేయించి వాటినే కత్తెరతో కోసేవాడు. మీరు శుభలేఖల వెనకవైపే పచ్చ పూయండి, రెండు మూడు ఛాయలు. చింతాకు చిన్నది, ఒక్కొక్కటి కత్తిరించే పని పెట్టుకోకండి. ఆరాక చేత్తో చింపండి. చింపితే ఒక ముక్కకి సన్నగా తెల్లంచు వస్తుంది, రెండోదానికి రాదు. తెల్లంచు ఉన్నవి ఎండ పడే వైపు పెట్టండి.