రాజు తల తెగాక కూడా గిలటిన్ ఎందుకు ఆగలేదు?

తుంగభద్ర:
ఫ్రాన్స్‌లో రాచరికం 1792 సెప్టెంబరులో రద్దయింది. 1793 జనవరి 21న రాజు 16వ లూయీ తల గిలటిన్ అనే తల నరికే యంత్రం కింద తెగింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు సాగిన చంపుడంతా విప్లవ రక్షణకేనని, అది తప్పనిసరి అని కొందరంటారు. నాకు అది మింగుడుపడడం లేదు. మీరేమంటారు?

చరిత్ర మాస్టారు:
తప్పనిసరి అనే నేనంటాను. సరిహద్దులోని వెర్డున్ కోట, దండెత్తి వచ్చిన ప్రష్యన్ల (ఒక జర్మన్ రాజ్యం సైన్యం) చేతికి చిక్కబోతోందన్న కబురు పారిస్ చేరిన రోజే, అంటే 1792 సెప్టెంబరు 2న, ఖైదీలు శత్రువుతో కలుస్తారన్న భయంతో గుంపులు జైళ్ల మీద పడ్డాయి. నాలుగైదు రోజుల్లో వెయ్యిమందికి పైగా ఖైదీలను నరికేశారు. వారిలో ఎక్కువమందికి రాజకీయాలతో సంబంధమే లేదు. మరుసటి మార్చిలో పశ్చిమ ఫ్రాన్స్‌లోని వాందే ప్రాంతం విప్లవ ప్రభుత్వం మీద తిరగబడింది. ఆగస్టులో రాజపక్షంవారు తూలోన్ రేవును బ్రిటిష్ నౌకాదళానికి అప్పగించారు.

విప్లవ శత్రువులను విచారించే విప్లవ న్యాయస్థానం కావాలని వాదిస్తూ విప్లవ నాయకుడు డాంటన్ అన్న మాట గుర్తుందా? ‘ప్రజలు భయంకరులు కానక్కర లేకుండా మనమే భయంకరులమవుదాం.’ గుంపు చేతిలోని కత్తిని చట్టం చేతికి మార్చాలన్నదే ఆయన ఆలోచన. ఆ న్యాయస్థానాన్ని పెట్టిన కన్వెన్షనే, అంటే నాటి ఫ్రెంచి శాసనసభే, 1794 ఫిబ్రవరి 4న వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది. దాన్ని మళ్లీ తెచ్చింది నెపోలియన్. ఆ లెక్క కూడా వేయాలి కదా?

తుంగభద్ర:
వేద్దాం మాస్టారూ. నేటి హైతీలో బానిసలు 1791లోనే తిరగబడ్డారు. అక్కడి ఫ్రెంచి కమిషనర్లు 1793లోనే వారికి స్వేచ్ఛ ప్రకటించక తప్పలేదు. పారిస్ తీర్మానం ఆ తర్వాతది. ఆ పుణ్యాన్ని గిలటిన్ ఖాతాలో వేయకండి.

ఇక చట్టం చేతికి వచ్చిన కత్తి సంగతి. 1794 జూన్ 10 నాటి ప్రయరియల్ చట్టం ప్రకారం నిందితుడికి వకీలు ఉండడు. తీర్పులు రెండే: విడుదల లేదా మరణం. అప్పటికి తూలోన్ తిరిగి దక్కి ఆరు నెలలు. వాందే ప్రధాన సైన్యం కూడా చెల్లాచెదురైపోయింది. జూన్ 26న ఫ్లూరస్ దగ్గర ఆస్ట్రియన్లు ఓడిపోయారు. అయినా జూన్ 10 నుంచి జులై 27 వరకు పారిస్‌లో దాదాపు 1,400 మందిని చంపారు. అంతకుముందు పదిహేను నెలల్లో చంపినవారికంటే ఇది ఎక్కువ. మంట చల్లారుతున్నకొద్దీ నీళ్లు ఎక్కువ పోసేవాళ్లను ఎక్కడైనా చూశామా?

వెన్నెల:
చచ్చిపోయింది ఎవరో కూడా చూడండి. విచారణ పేరుతో మరణశిక్ష పడినవారు దేశమంతా కలిపి సుమారు 17 వేలు. వారిలో ప్రభువర్గం పదోవంతు కూడా లేదు. ఎక్కువమంది రైతులు, చేతివృత్తులవారు. ఇది ప్రభువుల మీద సామాన్యుల పగ అని బడిలో చదువుకున్న నాకు ఈ లెక్క తెలిసినప్పుడు కడుపులో దేవినట్టయింది. నాంత్ నగరంలో, కన్వెన్షన్ పంపిన ప్రతినిధి కారియే హయాంలో పడవలెక్కించి ల్వార్ నదిలో ముంచేసిన ఖైదీలు ఈ లెక్కలోకి రారు. వారికి తీర్పు కూడా దక్కలేదు.

చరిత్ర మాస్టారు:
ప్రయరియల్ చట్టాన్ని నేను సమర్థించలేను. 1791 మేలో మరణశిక్షనే ఎత్తివేయాలని సభలో వాదించిన విప్లవ నేత రోబెస్పియర్ దాని వెనుక నిలబడడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కానీ 1793 వేసవి వేరు, 1794 వేసవి వేరు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

తుంగభద్ర:
రెండు వేసవులూ వేరే, కానీ కోర్టు ఒక్కటే. డాంటన్ పట్టుబట్టి పెట్టించిన కోర్టే 1794 ఏప్రిల్ 5న ఆయనను గిలటిన్‌కు పంపింది. విచారణలో ఆయన గొంతు ఖంగుమంటుంటే, న్యాయస్థానాన్ని అవమానించే నిందితులను బయటకు నెట్టవచ్చని కన్వెన్షన్ హడావిడిగా తీర్మానించింది. ప్రమాదం తీరిపోయిందని చెప్పి ఆ కోర్టు తలుపు మూయించగల అధికారాన్ని 1793లో ఎవరి చేతిలో ఉంచారు మాస్టారూ?