ట్రస్ట్ అగ్రిమెంట్ మారిస్తే స్టేట్ దగ్గర ఫైల్ చెయ్యాలా?

పాతకాపు:
మాది అమెరికాలో డెలావేర్ రాష్ట్ర చట్టం కింద పెట్టుకున్న స్టాట్యుటరీ ట్రస్ట్, ఐదుగురం ఓనర్లం. మూణ్ణెల్లకోసారి పంచే డబ్బు ఇకమీద నెలనెలా పంచేలా అగ్రిమెంట్ మారుద్దామని. మెజారిటీ సరిపోద్దా, అందరి సంతకాలూ కావాలా? స్టేట్‌కి పంపాలా? ట్రస్టీ దీనికి విడిగా ఫీజు అడుగుతాడా?

నల్లసిరా:
ముందు అమెండ్‌మెంట్ క్లాజ్, అదే అగ్రిమెంట్ ఎలా మార్చాలో చెప్పే షరతు, ఉందో లేదో చూస్కో అన్నా. మాదాంట్లో లేదు, రాసిన లాయర్ వదిలేశాడు, మేం చదవకుండా సంతకాలు పెట్టేశాం. క్లాజ్ లేకపోతే అక్కడి చట్టం ప్రకారం ఓనర్లందరూ ట్రస్టీలందరూ ఒప్పుకోవాల్సిందే. ఏడుగురిలో ఆరుగురం పెట్టాం, ఏడో ఆయన ఫోనే ఎత్తడు. ఏడాదిన్నర నుంచి ఆ ఒక్క గీత ఖాళీగా ఉన్న పేజీ నా డ్రాయర్లోనే ఉంది.

మీటరుపెట్టె:
ఫైల్ చెయ్యాలె, 30 రోజుల్లోపు. మేం టౌన్ క్లర్క్‌కి కూడా కాపీ ఇచ్చినం.

బాండుపేపర్:
తప్పు సమాచారం ఇవ్వకండి. స్టేట్ దగ్గర ఉండేది సర్టిఫికెట్ ఆఫ్ ట్రస్ట్, అంటే ట్రస్ట్ పెట్టినప్పుడు దాఖలు చేసే చిన్న కాయితం మాత్రమే. అందులో ఉన్న ట్రస్ట్ పేరో, డెలావేర్ ట్రస్టీ పేరు అడ్రసో మారితే అప్పుడు దాన్ని సవరించాలి. అగ్రిమెంట్ మీ బీరువాలోనే ఉంటుంది.

మీటరుపెట్టె:
నేనే కౌంటర్ దగ్గర నిలబడి ఇచ్చిన, ముద్ర వేసిన కాపీ నా ముందట ఉంది. నేను అబద్ధం చెప్తున్ననా?

బాండుపేపర్:
ఏ స్టేట్ అండీ?

మీటరుపెట్టె:
మసాచుసెట్స్.

బాండుపేపర్:
అదీ సంగతి. అక్కడి చట్టం చాప్టర్ 182 ప్రకారం డిక్లరేషన్ ఆఫ్ ట్రస్టే, అంటే ట్రస్ట్ అసలు పత్రమే, రాష్ట్ర సెక్రటరీకీ, ఆఫీసున్న ప్రతి ఊరి క్లర్క్‌కీ ఇవ్వాలి, మార్పులు కూడా 30 రోజుల్లో. ఆయన అడిగింది డెలావేర్! పదహారేళ్లుగా ఇదే పని నాది, ఇలాంటి సలహాలు విని లోపలి లెక్కలన్నీ పబ్లిక్ రికార్డులో పెట్టేసుకున్నవాళ్లని చూశాను.

మీటరుపెట్టె:
తెలిసినోళ్లు మంచిగ చెప్పొచ్చు కదా. నాకైతే మా పద్ధతే నయం, ఎవరు ఎప్పుడు ఏం మార్చిన్రో తెలుస్తది. మా మామ వాళ్ల ట్రస్ట్‌లో మూడు ఒరిజినల్స్ బయటపడ్డయి, మూడిట్ల వాటాలు వేరే వేరే.

వానచుక్క:
అందులో 1031 ఎక్స్చేంజ్ డబ్బుందా, అంటే ఆస్తి అమ్మగా వచ్చింది ట్యాక్స్ వాయిదా పడేలా ఇంకో ఆస్తిలో పెట్టిన డబ్బు? ఉంటే జాగ్రత్త. అమెరికా ట్యాక్స్ శాఖ IRS ఇచ్చిన 2004-86 రెవెన్యూ రూలింగ్ చదవండి. ట్రస్టీకి లోన్ షరతులు మార్చే అధికారం, కొత్త అప్పు తెచ్చే అధికారం ఇచ్చారో, అది ట్యాక్స్ లెక్కలో పార్ట్‌నర్‌షిప్ అయి కూర్చుంటుంది, దాని వాటాకి 1031 వర్తించదు. మావాళ్లు రీఫైనాన్స్ కోసం ఒకే ఒక్క లైను చేర్చబోతే మా ట్యాక్స్ మేడమ్ ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు.

నల్లసిరా:
మా ఏడో ఆయన సంగతి ఎవరూ చెప్పరేంటి? కోర్టుకెళ్లినవాళ్లు లేరా ఇక్కడ?

గడపదీపం:
లోన్ ఉంటే బ్యాంకు కూడా రాసి ఇవ్వాలి. మా లోన్ కాయితాల్లో ముందుగా అనుమతి తీసుకోకుండా ట్రస్ట్ డాక్యుమెంట్లు మార్చకూడదని ఉంది, మేం మార్చేశాక చూశాం. డిఫాల్ట్ నోటీస్ వచ్చింది, నెలరోజులు నిద్ర లేదు.

పాతకాపు:
క్లాజ్ దొరికింది, మూడింట రెండొంతుల ఓటు, పైన ట్రస్టీ రాతపూర్వక సమ్మతి. అది తప్ప వేరే దారి లేదనే రాశారు. లోన్ ఉంది, ఇద్దరిది 1031 డబ్బే. రేపే బ్యాంకుకి లెటర్ పెడతా. మీటరుపెట్టె గారూ, ఆ మూడు ఒరిజినల్స్‌లో ఏది చెల్లిందండీ చివరికి?