జోన్ 2లో ఉన్నాం కదా, విశాఖ అపార్ట్‌మెంట్లకు భూకంప జాగ్రత్తలు అవసరమా?

ఎంవీపీ కాలనీ నివాసి:
మా పాత అపార్ట్‌మెంట్‌ను కూలగొట్టి డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నాం. కింద స్టిల్ట్ పార్కింగ్, పైన ఐదంతస్తులు. పిల్లర్లలో ఇనుము, భూకంపాన్ని తట్టుకునేలా ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 కోడ్ ప్రకారం కట్టమంటే, భూకంప ప్రమాదం మ్యాప్‌లో విశాఖ అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 2 కాబట్టి ఆ కోడ్ తప్పనిసరి కాదన్నారు మా బిల్డర్. కాగితం మీద ఆయన మాట నిజమే, అది జోన్ 3 నుంచి పైవాటికే తప్పనిసరి. కానీ 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6 తీవ్రతతో భూకంపం వస్తే మన ఊళ్లోనూ ఆ కుదుపు తెలిసింది. రూలు లేదని వదిలేయాలా, పట్టుబట్టాలా?

గాజువాక బిల్డర్:
విశాఖకు అసలు భయం తుపానుతోనండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి అద్దాలు పగిలాయి, రేకులు ఎగిరాయి, నేను కట్టిన వాటిలో ఒక్క పిల్లరూ చెక్కుచెదరలేదు. ఇనుము, కూలీ పెరిగితే ఆ భారం చదరపు అడుగు రేటు మీద పడుతుంది. ఫ్లాటు కొనేవాళ్లు టైల్స్, లిఫ్టు ఏ కంపెనీవని అడుగుతారు గానీ పిల్లర్ నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగుల గురించి అడిగినవాళ్లు నాకు తగల్లేదు. పక్క సైటుకి లేని ఖర్చు నేనొక్కడినే పెడితే అమ్ముకోలేను.

స్ట్రక్చరల్ ఇంజనీర్, సీతమ్మధార:
మీరొక్కరే పెడితే నష్టపోతారు, అందుకే జోన్ 2లోనూ అందరికీ ఒకే రూలు కావాలంటాను. హుద్‌హుద్ పోలిక మాత్రం కుదరదు. గాలి బయటి నుంచి నెడుతుంది. భూకంపంలో నేలే కదులుతుంది కాబట్టి బిల్డింగ్ ఎంత బరువుంటే దాని మీద అంత దెబ్బ. పై అంతస్తుల్లో ఇటుక గోడలైనా ఆసరాగా ఉంటాయి, స్టిల్ట్‌లో ఉన్నవి వట్టి పిల్లర్లే. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వస్తే 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఇలా కింద పార్కింగ్ వదిలిన అపార్ట్‌మెంట్లు ఎన్నో కూలాయి.

ఇక జోన్ సంగతి. లాతూర్ జిల్లా కిల్లారి అప్పటి మ్యాప్‌లో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1లో ఉండేది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున అక్కడ దాదాపు 10 వేల మంది పోయారు. 2002లో జోన్ 1ని తీసేసి జోన్ 2లో కలిపేశారు. ఇప్పుడు మనం ధీమాగా చెప్పుకుంటున్నది ఆ జోన్ 2 గురించే.

ఖర్చంటారా, పిల్లర్ రింగు చివరి కొక్కెం 90 డిగ్రీలకు వంచి వదిలేస్తే, ఊపులో పైన కాంక్రీటు పెచ్చు ఊడగానే రింగు విచ్చుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి వంగుతాయి. 135 డిగ్రీలకు వంచి లోపలి కాంక్రీటులోకి దించితే పట్టు వదలదు. దానికి అదనంగా పట్టేది కొద్దిపాటి ఇనుమే. బీమూ పిల్లరూ కలిసేచోట, దానికి పైనా కిందా రింగులు దగ్గర దగ్గరగా, నాలుగు అంగుళాల ఎడంలో పడాలి. జాయింట్ లోపల రింగు ఎక్కించడం కష్టమని రాడ్ బెండర్లు చాలాచోట్ల మానేస్తారు. కాంక్రీటు పోశాక అది ఎవరికీ కనిపించదు. అందుకే పోసేముందే ఇంజనీర్ వచ్చి చూసి సంతకం పెట్టాలి. టర్కీలో కోడ్ గట్టిదే. అయినా 2023 ఫిబ్రవరి 6న కొత్తవి కూడా కూలాయి. సైట్లో తనిఖీ సరిగా లేదు, పైగా డబ్బు కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేశారు. జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే మన బీపీఎస్‌ని తలుచుకుంటే నాకు ఆ భయమే.

ఆరిలోవ కొండవాలు నుంచి:
మీరంతా ఫ్లాట్ల గురించే మాట్లాడుతున్నారు. మా ఇళ్లకు ఇంజనీరూ లేడు, ప్లానూ లేదు. మేస్త్రి చెప్పిందే కోడ్. మాకేం చెబుతారు సార్?

స్ట్రక్చరల్ ఇంజనీర్, సీతమ్మధార:
అమ్మా, మీరు అడిగింది ముందే అడగాల్సిన ప్రశ్న. ఇటుక గోడల ఇంటికి లింటెల్ లెవెల్లో, అంటే తలుపులు, కిటికీల పైఅంచు ఎత్తులో, ఇల్లంతా చుట్టివచ్చే ఆర్‌సీసీ బెల్టు వేయించండి, ఎక్కడా తెగకూడదు. తలుపులు, కిటికీలు గోడ మూలకు ఆనించి పెట్టొద్దు. కొండ కోసిన చోట గోడ వెనక నీళ్లు నిలవకుండా దారి ఉండాలి. ఇది మేస్త్రీలకు నేర్పే పని మన నగరపాలక సంస్థ జీవీఎంసీ వార్డు సచివాలయాల ద్వారా చేయాలి. ఫ్లాట్ల రూలు కన్నా ఇదే ముందు జరగాలని నా అభిప్రాయం.

గాజువాక బిల్డర్:
అందరికీ రూలైతే నేనూ కడతాను. కానీ ఇంకో తనిఖీ అంటే ఇంకో టేబుల్. ఇంజనీర్ రాకపోతే కూలీల రోజు పోతుంది. 24 గంటల్లో రాకపోతే పోసుకోవచ్చని రూల్లోనే రాయాలి.

ఎంవీపీ కాలనీ నివాసి:
చూడకుండా పోసుకోవచ్చంటే ఇక తనిఖీ ఎందుకండీ? ఆలస్యమైతే ఆ రోజు కూలీ మా ఫ్లాట్ల అసోసియేషన్ భరిస్తుందని, సంతకం లేకుండా పోత మాత్రం వద్దని అగ్రిమెంట్‌లో రాయిస్తాం. దానికి మీరైతే ఒప్పుకుంటారా?