మాస్టర్ ఆఫ్ పపెట్స్: ఉన్న ఒక్క ప్లేటు చాలా, 45 స్పీడ్ సెట్ కొనాలా?

పాతసూది:
నా వినైల్ ప్లేట్లన్నిట్లో ఒక్కటే ఉంచుకోమంటే మెటాలికా బ్యాండ్ 1986 ఆల్బమ్ మాస్టర్ ఆఫ్ పపెట్స్ ఉంచుకుంటా, అందులో డౌటే లేదు. గొడవంతా చివరి పాట దగ్గరే. డ్యామేజ్ ఇంక్ వచ్చేసరికి సింబల్స్ ఇసకలో కొట్టినట్టు గరగర, సింగర్ హెట్‌ఫీల్డ్ గొంతులో స, ష అన్నీ తుప్పుమంటాయి. ప్లేటు కడిగా, గీతల్లేవు. నాది 33 స్పీడ్ ఒక్క ప్లేటు, ఇది అమ్మేసి నిమిషానికి 45 చుట్లు తిరిగే 45 స్పీడ్ రెండు ప్లేట్ల సెట్ కొనుక్కోమని ఫ్రెండ్ ఒకటే పోరు, నాకేమో మనసొప్పట్లా. మీరేమంటారు?

డబుల్‌కిక్:
కొనెయ్ బ్రో, సెంటిమెంట్ ఏంటి ఇందులో. ఆల్బమ్ దాదాపు 55 నిమిషాలు, పక్కకి 27 పడుతోంది, హాయిగా పట్టేది 20, 22. అంత కుక్కాలంటే సూది నడిచే గాళ్లు దగ్గరికి జరపాలి, సౌండ్ లెవెల్ తగ్గించాలి, బాస్ నొక్కాలి. పైగా 33 స్పీడ్‌లో బయటి అంచున సూది కింద సెకనుకి 50 సెంటీమీటర్ల గాడి పరిగెడుతుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 21, అంతే. అదే సింబల్ దెబ్బ సగం కన్నా తక్కువ జాగాలో ఇరుక్కోవాలి మరి, గరగర రాక ఏమొస్తుంది. 45లో గాడి ఇంకా వేగంగా పరిగెడుతుంది, పక్కకి పాటలూ తక్కువే, ఆ ఇరుకు తగ్గుతుంది. స్లేయర్ బ్యాండ్ ఆల్బమ్ రెయిన్ ఇన్ బ్లడ్ కూడా అదే ఏడాది, మొత్తం కలిపి 29 నిమిషాలే కాబట్టి దానికి ఈ బాధ లేదు.

బీసైడ్:
లెక్కలు బానే ఉన్నాయి గానీ ఎనిమిది పాటలు నాలుగు పక్కలకి పంచితే వినేదెలా? టైటిల్ పాట చివర ఆ నవ్వులు అవ్వగానే లేచి ప్లేటు తిప్పాలా, అక్కడితో మూడ్ పోయినట్టే. మొదటి పక్క చివరి పాట శానిటేరియం అయ్యాక ఒక్కసారి లేస్తే చాలు నాకు. గరగర కూడా నా ప్లేటులో భాగమే అనుకుంటా, ఎవరైనా నవ్వుకోండి.

వెండిడిస్క్:
సీడీ పెట్టుకోండి, మొదటి పాటా చివరి పాటా ఒకేలా ఉంటాయి.

బీసైడ్:
వచ్చాడండీ.

గాడిమేస్త్రి:
అమ్మే ముందు ఒక్క మాట అన్నా. సూది ఏ రకం? మామూలు గుండ్రటిదైతే లోపలి గాళ్లలో సన్నటి వంపుల్లోకి దిగలేదు, ప్లేటుని తిట్టి లాభం లేదు. సూది ఉండే కార్ట్రిడ్జ్ రెండు మిల్లీమీటర్లు అటూఇటూ ఉన్నా ఇదే గోల. అది సరిగ్గా ఉందో లేదో కొలిచే అలైన్‌మెంట్ ప్రొట్రాక్టర్ పెట్టి చూశావా?

పాతసూది:
ఇప్పుడే చూశా అన్నా, సిగ్గేస్తోంది, కార్ట్రిడ్జ్ సరిగ్గా రెండు మిల్లీమీటర్లు వెనక్కుంది, కొన్నప్పట్నుంచీ అలాగే వింటున్నా. ముందుకి జరిపి మళ్లీ పెట్టా. డ్యామేజ్ ఇంక్ మొదట్లో క్లిఫ్ బర్టన్ బాస్ గిటార్ రివర్స్‌లో ఉబ్బుతూ వస్తుందే, అది ఇంతకుముందూ శుభ్రంగానే ఉండేది, నిండు బ్యాండ్ మీద పడ్డాకే తేలుతుంది అసలు కథ. స, ష చాలావరకు దారికొచ్చాయి. సింబల్స్ మాత్రం ఇంకా కాస్త గరుకే. సూది గుండ్రటిదే, సన్నటి వంపుల్లోకి దిగే మైక్రోలైన్ సూదికి మారుస్తా, 45 సెట్ సంగతి తర్వాత.

డబుల్‌కిక్:
మైక్రోలైన్ రేటు చూశావా ముందు? ఆ డబ్బుకి సెట్టే వచ్చేస్తుందేమో.

గాడిమేస్త్రి:
సెట్ ఒక్క ఆల్బమ్‌కే తమ్ముడూ, సూది అయితే నీ దగ్గరున్న ప్లేట్లన్నిటికీ.